కాగితం మందం, ఆరు గంటలు

విస్సన్నపేటలో నేను గడ్డం గీయించుకోవడం మొదలుపెట్టిన దుకాణానికి తలుపు ఒక్కటే, అద్దాలు మాత్రం రెండు. ముందొకటి, వెనకొకటి. వాటి మధ్య కూర్చుంటే మన మొహమే వరసగా పది మొహాలై లోపలికి పోతూ కనిపించేది. కుర్చీలో తల వెనక్కి వాల్చగానే దుకాణం నడిపే బాబాయి అడిగే ప్రశ్న ఒకటే. "సింగిలా, డబులా?" సింగిలంటే ఒకసారి గీసి తుడిచేయడం. డబులంటే మళ్లీ నురగ పెట్టి రెండోసారి గీయడం. దానికి కొంచెం ఎక్కువ తీసుకునేవాడు.

పొద్దున ఏడింటికి ఆయన చేత గీయించుకుని తిరువూరు బస్సెక్కితే, సాయంత్రం దిగేసరికి కూడా చెంప మీద చెయ్యి జారిపోయేది. ఇంట్లో నేనే గీసుకున్న రోజు, మధ్యాహ్నం కారేజీ విప్పే వేళకే గదమ కింద గరుకు తగిలేది. ఆయన వాడే బ్లేడే నేనూ కొన్నాను. అదే సబ్బు, అదే కుంచె. ఆయన కత్తి పిడి వయసులో నాకంటే పెద్దది, నా రేజరు ఆ ఏడు కొన్నది. అయినా ఆరేడు గంటల తేడా. ఉండబట్టలేక ఒకరోజు అడిగాను.

"కుడి చేత్తో గీసుకుంటావు సరే. అప్పుడు ఎడం చెయ్యేం చేస్తా ఉంటది అబ్బాయ్?" అన్నాడు.

నా ఎడం చేతిలో అద్దం ఉంటుంది. అదే చెప్పాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మీకు ఈ అధ్యాయం చదివే లోపే అర్థం కావాలని నా ప్రయత్నం.

ముందు ఒక చిన్న లెక్క. గడ్డం వెంట్రుక రోజుకు సుమారు 0.4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మనిషిని బట్టి కొంచెం అటూ ఇటూ. అంటే ఆరు గంటలకు 0.1 మిల్లీమీటరు. మీ చేతిలో ఉన్న పుస్తకంలో ఒక కాగితం మందం దాదాపు అంతే. ఏ బ్లేడూ, ఏ క్రీమూ ఈ పెరుగుదలను ఆపలేవు. మన చేతిలో ఉన్నదల్లా అది ఎక్కడి నుంచి మొదలవ్వాలన్నదే. మొదలును ఒక కాగితం మందం కిందికి దించితే ఆరు గంటల నునుపు అదనంగా దక్కుతుంది. రెండు కాగితాలు దించితే పన్నెండు గంటలు. గడ్డం గీసుకునే కళంతా ఆ ఒకటి రెండు కాగితాల కోసమే.

వరికోత చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. మిషను కోసిన మడిలో కొయ్యకాళ్లు మోకాటి దాకా నిలబడి ఉంటాయి. కొడవలి పట్టిన కూలీ కోస్తే నేలకు నాలుగు వేళ్ల ఎత్తులోనే మొదళ్లుంటాయి. రెండు మళ్లలోనూ పైరు ఒకటే, అదను ఒకటే. కూలీ ఎడం చెయ్యి కంకుల గుప్పిటను బిగించి పట్టుకుంటుంది, కుడి చెయ్యి నేలను ఆనుకుని లాగుతుంది. మిషనుకు ఆ ఎడం చెయ్యి లేదు.

పెరుగుదల గురించి రెండు సందేహాలు ఇక్కడే తీర్చుకుని ముందుకు వెళదాం. మొదటిది, గీసిన కొద్దీ గడ్డం దట్టమవుతుందని ఇంటింటా చెప్పే మాట. మీసం రాని మేనల్లుడికి మేనమామలు ఇచ్చే సలహా ఇదే. అమెరికాలో మిల్‌డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త 1928లోనే కొలిచి చూసి, గీయడం వల్ల వెంట్రుక లావెక్కదు, వేగంగానూ పెరగదు అని తేల్చారు. పుట్టి పెరిగిన వెంట్రుక కొన సన్నగా సాగి ఉంటుంది. కోసిన వెంట్రుకకు ఆ సన్నకొన పోయి మొద్దు మొదలు మిగులుతుంది. వేలికి తగిలే ఆ మొద్దుదనాన్నే మనం దట్టమనుకుంటాం. రెండోది, పెరుగుదల రోజూ ఒకేలా ఉంటుందా అన్నది. పూర్తిగా కాదు. 1970లో నేచర్ పత్రికలో ఒక శాస్త్రవేత్త పేరు వేసుకోకుండా ఒక చిన్న వ్యాసం రాశాడు. ఆయన ఉద్యోగం ఎక్కడో మారుమూల దీవిలో. రోజూ గీసిన గడ్డాన్ని తూకం వేసేవాడట. సెలవు దొరికి తన ఇష్టసఖిని కలవబోయే రోజులు దగ్గరపడేకొద్దీ తూకం పెరిగిందని రాశాడు. పేరెందుకు వేసుకోలేదో ఊహించుకోవచ్చు. మన ఊరి బస్సులో శనివారం సాయంత్రం ఇళ్లకు తిరిగొచ్చే ఉద్యోగస్తుల గడ్డాలు ఎవరైనా తూచి ఉంటే ఏం తేలేదో!

ఇక పనిలోకి దిగుదాం.

వెంట్రుక ఎండుగా ఉన్నప్పుడు గట్టి తీగ లాంటిది. నీళ్లు పీలిస్తే ఉబ్బి మెత్తబడుతుంది. పొడవు ఒకటి రెండు శాతమే పెరుగుతుంది కానీ, మందం 15 శాతం దాకా పెరుగుతుంది. మెత్తబడిన వెంట్రుకను కోయడానికి చాలా తక్కువ బలం చాలు. ఈ నానడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. వేడినీళ్లయితే ఇంకొంచెం త్వరగా. మనం ఇంట్లో చేసేదేమిటి? మొహం మీద నీళ్లు చల్లుకుని, నురగ పూసి, వెంటనే రేజరు పెడతాం. మొత్తం అర నిమిషం. నానని వెంట్రుక బ్లేడుకు లొంగక వంగుతుంది. వంగినదాన్ని కోయాలని నొక్కుతాం. నొక్కితే చర్మం తెగుతుంది, వెంట్రుక సగమే తెగుతుంది.

బాబాయి గడియారం చూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. కానీ నీళ్లు కొట్టి అరచేత్తో రుద్దాక కబుర్లు మొదలయ్యేవి. ఈసారి తోటల్లో పూత నిలిచిందా, నూజివీడు మార్కెట్లో రసాలు ఎంత పలుకుతున్నాయి, తిరువూరు సీటు ఎవరికిస్తారు. కుంచె తిరుగుతూనే ఉండేది, మాట సాగుతూనే ఉండేది. కుర్చీలో ఉన్నవాడు విసుక్కున్నా ఆయన తొందరపడేవాడు కాదు. ఆ కబుర్లు నానబెట్టే వ్యవధి అని నాకు తర్వాతెప్పుడో తట్టింది. ఇంట్లో కబుర్లు చెప్పేవాళ్లు లేకపోతే స్నానం ముందు చేసేసి, ఆ తడి మొహంతోనే గీసుకోండి. నిద్ర లేస్తూనే మాత్రం వద్దు. రాత్రంతా పడుకున్న మొహం కాస్త ఉబ్బి ఉంటుంది, ఆ ఉబ్బులో వెంట్రుక మొదళ్లు దాక్కుంటాయి. కాఫీ తాగి, పేపరు తిరగేసి రండి.

నురగ దగ్గర మన ఊళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. బోరు నీళ్లు. ఉప్పునీళ్లంటాం గానీ అందులో నురగకు అడ్డుపడేది కాల్షియం, మెగ్నీషియం. అవి సబ్బుతో కలిసి తెల్లటి తెట్టెగా మారతాయి. బకెట్ అంచుకి పట్టేది అదే. సబ్బు ఆ తెట్టెకే ఖర్చయిపోతే నురగ ఎక్కడిది? కుంచె ఎంత తిప్పినా పలచగా బుడగలొచ్చి, చెంప మీద పెట్టిన నిమిషానికే ఆరిపోతుంది. చాలామంది సబ్బును తిట్టి బ్రాండు మారుస్తారు. నేనూ మార్చాను, మూడుసార్లు. చివరికి ఇంట్లో తాగడానికి తెప్పించుకునే ఇరవై లీటర్ల డబ్బా నుంచి ఒక టీ గ్లాసెడు నీళ్లు తీసి కుంచె తడిపితే, పాత సబ్బే పెరుగు మీగడలా నురగ కట్టింది. ఒక గ్లాసు చాలు. మొహం కడుక్కోవడానికి బోరు నీళ్లే వాడుకోండి. నురగకు మాత్రం ఆ గ్లాసు పక్కన పెట్టండి.

నురగ గట్టిగా, తడిగా ఉండాలి. షేవింగ్ సబ్బుల్లో పొటాషియం కూడా ఉంటుంది, ఒంటి సబ్బు కంటే వాటి నురగ మెత్తగా, నిలకడగా ఉండటానికి అదొక కారణం. ఒంటి సబ్బుతో గీసుకోవడం పొదుపేమీ కాదు.

ఇప్పుడు ఎడం చెయ్యి.

పెళ్లిళ్ల రోజుల్లో బాబాయి దుకాణానికి తాళం వేసి సన్నాయి పట్టుకుని వెళ్లేవాడు. మన నాయీ బ్రాహ్మణ కుటుంబాల్లో చాలావాటికి కత్తీ సన్నాయీ రెండూ వంశపారంపర్యమే కదా. సన్నాయి రంధ్రాల మీద ఆడిన ఆ వేళ్లు నా చెంప మీదకు వచ్చేవి. కత్తి కదలబోయే చోటుకు కొంచెం పైన బొటనవేలు ఆనించి చర్మాన్ని వెనక్కి లాగేవాడు. చెంపకైతే చెవి వైపు, గదమ కిందకైతే పైకి, పై పెదవికైతే ముక్కు కొసను చిటికెడు ఎత్తి. చర్మం బిగిసినప్పుడు పడుకున్న వెంట్రుక లేచి నిలబడుతుంది, దాని మొదలు రవ్వంత బయటికొస్తుంది. అప్పుడు తెగుతుంది. వేలు వదిలేయగానే చర్మం వెనక్కి వస్తుంది, తెగిన మొదలు లోపలికి జారుతుంది. వెతుకుతున్న కాగితం మందం అక్కడే దొరికింది.

కంపెనీలు ఇదే పనిని యంత్రం చేత చేయించాలని చూశాయి. జిలెట్ 1971లో రెండు బ్లేడ్ల రేజరును తెచ్చింది. మొదటి బ్లేడు వెంట్రుకను కోస్తూనే కాస్త పైకి లాగుతుంది. అది వెనక్కి జారిపోయే లోపు రెండోది ఇంకొంచెం కిందికి కోస్తుంది. తర్వాత మూడు బ్లేడ్లయ్యాయి, అయిదయ్యాయి. నాకు వాటి మీద కోపం లేదు, తొందరలో ఉన్నవాడికి అవి నిజంగానే పనికొస్తాయి. కానీ నెలనెలా కొనే ఆ ఖరీదైన కార్ట్‌రిడ్జిలో సగం పని మీ బొటనవేలు ఊరికే చేసిపెడుతుందని తెలుసుకుని కొనండి.

వాలు తెలియాలి. గడ్డమంతా ఒకే వైపు పెరగదు. చెంప మీద కిందికి వాలుతుంది, గొంతు మీద చాలామందికి పైకో పక్కకో తిరుగుతుంది, కంఠమణి పక్కన కొందరికి సుడే ఉంటుంది. మూడు రోజులు గడ్డం వదిలేసి, చూపుడువేలితో నాలుగు వైపులా నిమరండి. వేలు మెత్తగా జారితే అది వాలు, గరగరలాడితే ఎదురు. ఒక కాగితం మీద మొహం బొమ్మ గీసి బాణాలు వేసుకోండి. నవ్వొచ్చే పనే. కానీ నా సొంత గొంతు మీద ఎడమ పక్క వెంట్రుకలు కుడి పక్కవాటికి అద్దంలో బొమ్మలా కాకుండా, రెండూ ఒకే వైపు తిరిగి ఉన్నాయని ఈ బొమ్మ గీసిన రోజే తెలిసింది. అంతవరకు ఇరవై ఏళ్లు ఒక పక్క వాలుగా, ఇంకో పక్క ఎదురుగా గీసుకుంటూ, ఆ పక్కనే ఎందుకు మండుతోందని బ్లేడును అనుమానించాను.

మొదటిసారి వాలుగానే గీయాలి. ఇది ఎత్తు తగ్గించడానికి. మళ్లీ నురగ పూసి రెండోసారి అడ్డంగా, అంటే చెవి నుంచి ముక్కు వైపు. బాబాయి డబులంటే ఇదే. ఎదురు కత్తి మూడోది. అది అవసరమైనచోటే, చెయ్యి బరువు వేయకుండా. రేజరు బరువే చాలు. బ్లేడు చర్మానికి దాదాపు 30 డిగ్రీల వాలులో ఉంటే కోస్తుంది, అంతకంటే నిలబెడితే గీకుతుంది. ప్రతి రెండు గీతలకూ కడగండి.

సాయంత్రం తగిలే గరుకంతా కొత్త పెరుగుదల కాదు. కొంత పొద్దున మనం వదిలేసిన గడ్డమే. చెవి కింద, దవడ మూల, గదమ అడుగున. నురగ కడిగేశాక మొహం ఇంకా తడిగా ఉండగానే వేళ్లతో ఒకసారి అంతా వెతకండి. కంటికి దొరకనిది వేలికి దొరుకుతుంది. బాబాయి తువ్వాలుతో తుడిచేటప్పుడు మెడ మీద బొటనవేలు అలా తిప్పి వదిలేసేవాడు, నేను అది మర్దనా అనుకునేవాణ్ని.

అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లకు ఒక మాట. మండలం 41 రోజులు. రోజుకు 0.4 చొప్పున ఒకటిన్నర సెంటీమీటరు దాటుతుంది. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన ఉత్సాహంలో ఆ గడ్డం మీద నేరుగా రేజరు పెట్టకండి. పొడుగు వెంట్రుకలు బ్లేడు కింద ఇరుక్కుని పీకుతాయి. ముందు కత్తెరతో మొదలంటా కత్తిరించి, తర్వాత నానబెట్టి, ఆ రోజు వాలుగా ఒక్కసారే గీసుకోండి. ఎదురు కత్తి మర్నాడు. ఆరు వారాలు బ్లేడు ఎరగని చర్మం అది. వారానికొకసారి గీసుకునేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. చరక సంహిత పక్షానికి మూడుసార్లు గోళ్లూ గడ్డమూ తీయించుకోమంది. అంటే అయిదు రోజులకోసారి, రెండు మిల్లీమీటర్ల దగ్గర. కత్తికి అది మంచి పొడవే.

బ్లేడు ఎన్నిసార్లు పనికొస్తుందని అడుగుతారు. నాకు నాలుగు. మీకు మూడో, ఆరో. ఉక్కు కంటే వెంట్రుక యాభై రెట్లు మెత్తన. మరి మెత్తనిది ఉక్కును ఎలా మొద్దుబరుస్తుంది? అమెరికాలో ఎంఐటీ పరిశోధకులు మైక్రోస్కోపు కింద బ్లేడును పెట్టి చూశారు. 2020లో సైన్స్ పత్రికలో రాశారు. బ్లేడు అంచు అరిగి గుండ్రబడటం కంటే, చిన్న చిన్న పెచ్చులుగా ఊడుతోంది. అదీ వెంట్రుక వంగి, బ్లేడుకు ఏటవాలుగా తగిలినప్పుడు. ఇది చదివాక నాకు మళ్లీ ఆ బొటనవేలే గుర్తొచ్చింది. బ్లేడు లాగడం మొదలెట్టిన రోజే పారేయండి. రూపాయల్లో దొరికే బ్లేడును నెలంతా పీల్చి పిప్పిచేసేది పొదుపు కాదు. గీసుకున్నాక దులిపి ఆరనివ్వండి, తువ్వాలుకేసి రుద్దకండి.

దుకాణంలో గీయించుకుంటే మీ కళ్లముందే కొత్త బ్లేడు విరిచి సగం పెట్టమనండి. హెపటైటిస్ బి, హెచ్ఐవీ రక్తం ద్వారా పాకేవి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు, ఇప్పుడు చాలామంది అడగకముందే మారుస్తున్నారు.

ఇంతా చెప్పాక ఒక మినహాయింపు చెప్పకపోతే అన్యాయం. కొందరికి వెంట్రుకలు ఉంగరాలు తిరిగి ఉంటాయి. అలాంటి వెంట్రుకను చర్మం కిందికి కోస్తే, పెరిగేటప్పుడు దారి తప్పి పక్కకు చర్మంలోకే గుచ్చుకుంటుంది. గొంతు మీద ఎర్రటి పొక్కులు, ఒక్కోసారి చీము. వాళ్లకు పైన చెప్పిన సలహాలు కొన్ని తిరగబడతాయి. చర్మాన్ని లాగకూడదు, ఎదురు కత్తి వేయకూడదు, ఎక్కువ బ్లేడ్ల రేజరు వాడకూడదు. ఒకే బ్లేడుతో వాలుగా ఒకసారి, అంతే. సాయంత్రానికి గరుకు వస్తుంది, రానివ్వండి. పొక్కుల మీద నునుపు కోసం పోరాడి మచ్చలు తెచ్చుకున్న కుర్రాళ్లను చూశాను. తగ్గకపోతే చర్మ వైద్యుడి దగ్గరకు వెళ్లాలి, ఇంకో క్రీము దగ్గరకు కాదు.

చివర్లో చన్నీళ్లు, తర్వాత పటిక. తడి మొహం మీద పటికముక్క ఒకసారి తిప్పితే చిన్న గాట్ల రక్తం ఆగుతుంది. ఎక్కడ చురుక్కుమంటే అక్కడ మీ చెయ్యి బరువు పడిందని అర్థం. ఇంతకంటే నిజాయితీగా తప్పు చెప్పే వస్తువు ఇంట్లో ఇంకొకటి లేదు. నిమిషం ఆగి కడిగేయండి. ఒక చుక్క కొబ్బరినూనె చాలు. మే నెల ఎండలో అది కూడా వద్దు, చెమటతో కలిసి జిడ్డవుతుంది.

వేళ గురించి పెళ్లివారు అడుగుతుంటారు. ముహూర్తం రాత్రి పదకొండింటికి ఉంటుంది, పెళ్లికొడుకును చేసేది పొద్దున తొమ్మిదింటికి. మధ్యలో పద్నాలుగు గంటలు, 0.23 మిల్లీమీటర్లు. తాళి కట్టే ఫొటోల్లో దవడ మీద నీలినీడ అదే. శాస్త్రానికి పొద్దున కత్తి తాకించి, అసలు పని సాయంత్రం ఆరింటికి పెట్టుకుంటే ఆ నీడలో మూడింట రెండు వంతులకు దగ్గరగా తగ్గుతుంది. మా తమ్ముడి పెళ్లిలో ఇలాగే చేయించాను. రెండోసారి గీసింది బాబాయే. సన్నాయి పక్కన పెట్టి, విడిదింటి వరండాలో, చెంబు నీళ్లతో.

ఆ రాత్రి విడిది నుంచి ఇంటికొచ్చాక దొడ్లో కిటికీ చువ్వకు ఒక మేకు వంచి అద్దం తగిలించాను. పొద్దున వెలుగు ఎడమ పక్క నుంచి వస్తుంది. ఆ అద్దం ఇంకా అక్కడే ఉంది. మొదటి రోజు ఎడం చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు గాల్లోనే ఉంచాను.